కంప్యూటర్‌లో ముందు వచ్చింది యుద్ధం ఆటా, వ్యాపారం ఆటా?

వేణు_నల్గొండ
మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. పోయిన వారం కాలేజీ ఫెస్ట్‌లో క్విజ్ పెట్టారు. కంప్యూటర్‌లో వచ్చిన మొట్టమొదటి మేనేజ్‌మెంట్ గేమ్ ఏది అని అడిగితే మా అమ్మాయి ‘హమురాబి’ అంది. నిర్వాహకుల కాగితంలో ‘సిమ్‌సిటీ, 1989’ అని ఉందట. ఎంత చెప్పినా వినలేదు. పది మార్కులు పోయాయి, వాటితో పాటు ఫైనల్ కూడా పోయింది. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

క్విజ్ అయిపోయింది, ఇక దాని గొడవ వద్దు. కానీ నిజమేంటో నాకు తెలియాలి. అసలు మొదటిది ఏది? ఇన్నాళ్లూ నేను యుద్ధం ఆటలే ముందు వచ్చి ఉంటాయి అనుకున్నాను. మొదట్లో కంప్యూటర్లు ఉన్నది మిలటరీ దగ్గరే కదా.

పాతచిప్
వాళ్ల జవాబుకంటే మీ అమ్మాయి జవాబు 21 ఏళ్లు పాతది. హమురాబి 1968 నాటిది, రాజుగా ధాన్యం, భూమి చూసుకునే ఆట. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేసే డగ్ డైమెంట్ పీడీపీ-8 అనే కంప్యూటర్ మీద ఫోకల్ అనే భాషలో రాశాడు. తర్వాత డేవిడ్ ఆల్ దాన్ని బేసిక్ అనే భాషలోకి మార్చి 1973లో తన ఆటల పుస్తకంలో వేశాడు. ఆ పుస్తకం 1978 కూర్పు పది లక్షల కాపీలు దాటింది. చదివినవాళ్లు ప్రోగ్రాంను వరుస వరుసగా టైపు చేసుకుని ఆడేవాళ్లు.

అయితే మొదటిది అదీ కాదు. దానికి ముందు ‘సుమేరియన్ గేమ్’ ఉంది, 1964 నుంచి 1966 వరకు తయారైంది. రాసింది మేబెల్ ఆడిస్ అనే బడి పంతులమ్మ.

బిట్టు2004
పంతులమ్మా? 1964లో? ఆవిడకి కంప్యూటర్ ఎక్కడిది?

పాతచిప్
న్యూయార్క్ రాష్ట్రంలో వెస్ట్‌చెస్టర్ కౌంటీ బడుల సంఘం, ఐబీఎం కలిసి చేసిన ప్రయోగం అది. పిల్లలకి ఆర్థికశాస్త్రం ఆట రూపంలో చెప్పవచ్చా అని. మొనోపలీ లాంటి ఆట చరిత్ర పాఠానికి పనికొస్తుందని ఐబీఎం వాళ్లకి ఆలోచన వచ్చింది. ఆడిస్ నాలుగో తరగతి టీచర్. కథ, లెక్కలు, మాటలు ఆమెవి. ఐబీఎంలో విలియం మెకే ప్రోగ్రాం రాశాడు. యంత్రం ఐబీఎం 7090, గది నిండా ఉండేది. పిల్లల దగ్గర ఉండేది టెలిప్రింటర్ ఒక్కటే.

ఆరో తరగతి పిల్లాడు ప్రాచీన సుమేరియాలోని లగష్ నగరానికి రాజవుతాడు. పంట ఇంత వచ్చింది, జనం ఇంతమంది, ఎంత తిండికిస్తావు, ఎంత విత్తనానికి ఉంచుతావు, ఎంత గాదెలో పోస్తావు అని యంత్రం అడుగుతుంది. మధ్యలో స్లైడ్లు వేసి, టేపు మీద పాఠం వినిపించేవాళ్లు. ఆ ప్రోగ్రాం ఇప్పుడు లేదు. కొన్ని ప్రింటౌట్లు మాత్రం మిగిలాయి.

వేణు_నల్గొండ
రాత్రి భోజనాల దగ్గర ఇది చదివి వినిపించాను. “ఆ టీచర్ ఫొటో ఉందా నాన్నా” అని అడిగింది. చాలా రోజుల తర్వాత మొహం వెలిగింది.

ఎంబీఏ_మాస్టారు
పాతచిప్ గారితో ఒక విషయంలో ఏకీభవించను. వ్యాపారం ఆట లెక్క తీస్తే ఇంకో ఏడేళ్లు వెనక్కి పోవాలి. 1957లో అమెరికన్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల ‘టాప్ మేనేజ్‌మెంట్ డెసిషన్ సిమ్యులేషన్’ ఐబీఎం 650 మీద నడిచింది. ఐదు కంపెనీలు, ఒకే సరుకు. ప్రతి మూడు నెలల ‘క్వార్టర్’కీ ధర ఎంత, ఉత్పత్తి ఎంత, ప్రచారానికి ఎంత, పరిశోధనకి ఎంత అని కాగితం మీద రాసి ఇవ్వాలి. వాటిని కార్డుల మీదికి పంచ్ చేసి యంత్రంలో వేస్తే ఎవరి వాటా ఎంత, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని అచ్చై బయటికొచ్చేది. ఆడేవాళ్లు నిజంగా కంపెనీలు నడిపే పెద్దవాళ్లు.

ఆ 650కి ఉన్న జ్ఞాపకశక్తి తిరిగే డ్రమ్ము మీద 2000 పదాలు, ఒక్కో పదం 10 అంకెలు. అంతే. అందులో ఐదు కంపెనీల మార్కెట్ పట్టింది.

పులిజూదం
సార్, అది ఆటెలా అవుతుంది? ట్రైనింగ్ కదా. సరదా కోసం ఎవరైనా ఆడారా?

ఎంబీఏ_మాస్టారు
మా క్లాసులో ఇలాంటి సిమ్యులేషన్ 20 ఏళ్లుగా ఆడిస్తున్నాను బాబూ. మొదటి రౌండు ఫలితం తెరమీద పడేటప్పుడు వచ్చి చూడు. అప్పటిదాకా ఫోన్లలో మునిగిన పిల్లలు లేచి నిలబడతారు. ధర తగ్గించి తమ వాటా లాగేసిన టీంతో వారం రోజులు మాట్లాడరు. అంత టెన్షన్, అంత పట్టుదల ఉన్నచోట ఆట లేదంటే నేను ఒప్పుకోను.

కోడ్_కమల
మాస్టారితో నేను. గెలుపు, ఓటమి, నియమాలు ఉన్నాయి. ఆటే.

పాతచిప్
ఒప్పుకున్నాను మాస్టారూ. నేను ఆలోచించింది మామూలు మనిషి చేతికి వచ్చిన ఆట గురించి. మీ లెక్క ప్రకారమైతే 1957 దే పైచేయి.

పులిజూదం
ట్రైనింగ్ కూడా లెక్కలోకి వస్తుందంటే యుద్ధం ఆటలకీ అదే కొలత పెట్టాలి. 1955లోనే జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కింద పనిచేసిన ఆపరేషన్స్ రీసెర్చ్ ఆఫీసులో ‘హుట్‌స్పీల్’ నడిచింది. ఒకవైపు నాటో, ఇంకోవైపు సోవియట్ సేనలు. అనలాగ్ కంప్యూటర్. ఇద్దరు ఆటగాళ్లు ఎదురెదురుగా. అంటే యుద్ధం రెండేళ్లు ముందు.

వేణు గారూ, మీరు అనుకున్నదే కరెక్ట్.

ఎరువులకొట్టు_తెనాలి
ఇద్దరూ సంవత్సరాల లెక్కలో పడ్డారు. నాకు ఒక అనుమానం. ఆ 1957 వాళ్లకి కంప్యూటర్ మీద కంపెనీలు నడిపే ఆట ఆడించాలని ఎందుకు తట్టింది? ఊరికే తట్టదు కదా.

ఎంబీఏ_మాస్టారు
మంచి ప్రశ్న అడిగారు. 1956లో ఆ అసోసియేషన్ వాళ్లు అమెరికా నేవల్ వార్ కాలేజీకి వెళ్లి, అక్కడ నౌకాదళ అధికారులు యుద్ధం ఆటలు ఆడటం చూశారు. సముద్రం మీదకి వెళ్లకుండానే అధికారి తప్పులు చేసి నేర్చుకుంటున్నాడు, మన మేనేజర్లకి ఆ అవకాశం ఎందుకు ఉండకూడదు అనుకున్నారు. దానికి ముందే, 1955లో, సైన్యానికి పరిశోధనలు చేసే ర్యాండ్ సంస్థలో ‘మోనోపొలాగ్స్’ అనే ఆట తయారైంది. అమెరికా వైమానిక దళానికి విడిభాగాలు సరఫరా చేసే గిడ్డంగి మేనేజర్‌గా ఆడాలి. ఏ స్థావరానికి ఎన్ని పంపాలి, ఎప్పుడు తెప్పించాలి. పేరులోనే మొనోపలీ, లాజిస్టిక్స్ రెండూ కలిశాయి.

ఎరువులకొట్టు_తెనాలి
అదీ సంగతి. అది యుద్ధం ఆటా, వ్యాపారం ఆటా? సరుకు సైన్యానిది, పని మాత్రం మా కొట్లో మేం రోజూ చేసేదే. ఇక ఏది ముందు అనే ప్రశ్నకి అర్థం ఏముంది? ఒకే గిడ్డంగిలోంచి రెండూ బయటికొచ్చాయి.

పులిజూదం
అన్నా, ఈ మాట బాగుంది. దీనికి నా దగ్గర ఎదురు లేదు.

సంత_బేరం
మాస్టారూ, కంప్యూటర్ లేకుండా వ్యాపారం ఆట ఇంకా ముందే ఉందని ఎక్కడో విన్నాను. రష్యాలో కదా?

ఎంబీఏ_మాస్టారు
అవును. 1932లో లెనిన్‌గ్రాడ్‌లో మరియా బిర్‌ష్టైన్ అనే ఆవిడ చేయించారు. టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ ఉత్పత్తిని ఎలా నడపాలో మేనేజర్లకి నేర్పడానికి. కంప్యూటర్ లేదు, కాగితాలే. మేబెల్ ఆడిస్, బిర్‌ష్టైన్: ఈ కథ మొదట్లోనే ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, పాఠ్యపుస్తకాల్లో ఇద్దరి పేర్లూ అరుదు. వేణు గారూ, మీ అమ్మాయికి ఈ రెండు పేర్లూ చెప్పండి.

న్యూజెర్సీ_నాని
యుద్ధం ఆటల వైపు నుంచి నేను ఒకటి చెప్పాలి. నేను 1983లో ఇక్కడికి వచ్చాను. ఆఫీసులో తోటి ఉద్యోగి ఇంట్లో అటారీ 800 అనే ఇంటి కంప్యూటర్ ఉండేది. శనివారం రాత్రుళ్లు ‘ఈస్టర్న్ ఫ్రంట్ (1941)’ ఆడేవాళ్లం. క్రిస్ క్రాఫర్డ్ 1981లో రాశాడు. అటారీలో ఉద్యోగం చేస్తూ సొంత సమయంలో రాసుకున్నాడు. 60 వేల కాపీలకు పైగా అమ్ముడైంది.

జాయ్‌స్టిక్ కదిపితే రష్యా పటం మెత్తగా జరిగేది. తెరకి అవతల ఇంకా దేశం ఉంది అనిపించేది. అప్పటివరకు నేను చూసిన ఆటల్లో పటం అంటే కదలని బొమ్మ. జూన్ 22న మన జర్మన్ సైన్యం బయల్దేరుతుంది. వేసవి అంతా దూసుకుపోతాం. అక్టోబర్‌లో నేల రంగు మారిపోతుంది, బురద. బళ్లు కదలవు. తర్వాత ఒక వారం తెర తెల్లగా మంచు. ఎదుటివాడి సైన్యం పెరుగుతూ వస్తుంటే మన దళాల బలం అంకెలు వారం వారం పడిపోతుంటాయి. నేను విజయవాడ వాణ్ని, జీవితంలో మొదటి మంచు ఆ ఏడాదే చూశాను. కిటికీ బయట మంచు, తెర మీద మంచు. సరఫరా లేని సైన్యం ఎంత నిస్సహాయమో అప్పుడు అర్థమైంది.

కోడ్_కమల
నాని అంకుల్, ఆ ఆట కోడ్‌లో ఒక గొప్ప పని ఉంది. తెర సెకనుకి 60 సార్లు కొత్తగా గీయబడుతుంది కదా, ఆ గీతకీ గీతకీ మధ్య దొరికే చిన్న విరామంలో మన జాయ్‌స్టిక్ పని చూసుకుంటుంది. మిగతా సమయమంతా ఎదుటి సైన్యం ఎత్తు గురించే ఆలోచిస్తుంది. అంటే మనం ఎంత ఎక్కువసేపు ఆలోచిస్తే అది అంత తెలివిగా ఆడుతుంది. ఇదంతా 16 కిలోబైట్ల యంత్రంలో. నేను రోజూ రాసే ప్రోగ్రాంలో ఒక్క లోగో బొమ్మ అంతకంటే పెద్దది.

న్యూజెర్సీ_నాని
అందుకా! మా స్నేహితుడు ఒక్కో ఎత్తుకి పావుగంట తీసుకునేవాడు, ప్రతిసారీ ఓడేవాడు. 40 ఏళ్ల తర్వాత కారణం తెలిసింది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.

బిట్టు2004
ఫోన్ చేశాక ఏమన్నారో ఇక్కడ రాయండి అంకుల్ 😄

పులిజూదం
కంప్యూటర్ యుద్ధం ఆట అనగానే అందరూ ‘కంప్యూటర్ బిస్మార్క్’ మొదటిది అంటారు. 1980, ఎస్ఎస్ఐ కంపెనీ, టీఆర్ఎస్-80, ఆపిల్-2 అనే చిన్న కంప్యూటర్లకి వచ్చింది. మొదటిది కాదు. 1977లోనే కాలిఫోర్నియాలో కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న వాల్టర్ బ్రైట్ పీడీపీ-10 మీద ‘ఎంపైర్’ రాశాడు. క్రాఫర్డ్ ‘ట్యాంక్‌టిక్స్’ని 1978లో సొంతంగా అమ్ముకున్నాడు. దానికి తెర మీద బొమ్మలు లేవు. పటం, అట్టముక్కలు బల్ల మీద పరుచుకుని కంప్యూటర్ చెప్పినట్టు జరుపుకోవాలి. 150 కాపీల దగ్గర ఆగిపోయింది.

అయినా బిస్మార్క్ కథ నాకిష్టం. జోయెల్ బిల్లింగ్స్ అని 1979లో బిజినెస్ స్కూల్లో చేరబోతున్న కుర్రాడు. చిన్నప్పటి నుంచి బోర్డు యుద్ధం ఆటల పిచ్చి. ఆ ఆటలతో వచ్చే చిక్కేంటో ఆడినవాళ్లకి తెలుసు: వందల అట్టముక్కలు, గంటల తరబడి ఆట, ఎదురుగా కూర్చునే మనిషి దొరకడు. బొమ్మల కొట్లలో కాగితాలు అంటించి ప్రోగ్రామర్ కోసం వెతికాడు. అలా జాన్ లయన్ దొరికాడు. వాళ్ల ఆటలో ఎదుటివాడు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాడు. ధర 59.95 డాలర్లు.

కోడ్_కమల
ఆ వాల్టర్ బ్రైటే తర్వాత డి ప్రోగ్రామింగ్ భాషని తయారుచేశాడు. మా ఆఫీసులో చెబితే ఎవరూ నమ్మలేదు.

పాతచిప్
పులిజూదం చెప్పిన ‘ఎదురుగా కూర్చునే మనిషి’ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపు అదే అనిపిస్తుంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి ‘క్రీగ్‌స్పీల్’ చూపించాడు. ఇద్దరు ఆటగాళ్లకీ ఎదుటివాడి సైన్యం పూర్తిగా కనిపించదు. మధ్యలో అంపైర్ ఉంటాడు. పాచికలు వేసి, పట్టికలు చూసి ఎవరు ఎంతమందిని పోగొట్టుకున్నారో చెప్తాడు. అక్కడ అలసిపోయేది అంపైరే. హుట్‌స్పీల్ అయినా, ఐబీఎం 650 మీద ఐదు కంపెనీల ఆట అయినా, కంప్యూటర్ చేసింది ఆ అంపైర్ పని. లెక్క కట్టడం, నిజం దాచిపెట్టడం. ఆడేది మాత్రం మనుషులతో మనుషులే.

1970ల చివర ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చాక అది అంపైర్ కుర్చీలోంచి లేచి ఎదురుగా వచ్చి కూర్చుంది. బిస్మార్క్‌లో ఆ ఎదుటివాడికి ‘ఓటో వాన్ కంప్యూటర్’ అని పేరు కూడా పెట్టారు.

పులిజూదం
పేరు అదిరింది. చదరంగానికి ముత్తాత మన చతురంగం, క్రీగ్‌స్పీల్ పుట్టింది చదరంగాన్ని పెద్దది చేస్తూ పోయిన జర్మన్ ఆటల్లోంచి. కానీ నాకు యుద్ధం ఆటల రుచి చూపించింది మా అమ్మమ్మ వాళ్ల అరుగు మీద గీసిన పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు వైపులా బలాలు వేరు, గెలిచే దారులూ వేరు. చదరంగంలో ఆ తేడా లేదు. అసలు యుద్ధంలో ఇద్దరి బలం ఎప్పుడు సమానంగా ఉంది?

సంత_బేరం
మేకల వైపు ఆడి గెలిచినప్పుడు వచ్చే ఆనందం వేరు తమ్ముడూ. పులులతో ఎవరైనా గెలుస్తారు.

పులిజూదం
మా అమ్మమ్మ ఎప్పుడూ మేకలే తీసుకునేది. ఎప్పుడూ గెలిచేది.

సంత_బేరం
వ్యాపారం ఆటల్లో నా ఓటు ‘మ్యూల్’కి. 1983, ఆర్కాన్సాలో లిటిల్ రాక్ అనే ఊళ్లో ఓజార్క్ సాఫ్ట్‌స్కేప్ అనే చిన్న బృందం. డిజైనర్ డాన్ బంటెన్, తర్వాత డానియెల్ బంటెన్ బెర్రీగా మారారు. నలుగురు ఒకే తెర ముందు కూర్చుని ఆడాలి. అటారీ 800కి నాలుగు జాయ్‌స్టిక్కులు పెట్టుకోవచ్చు కాబట్టి దానికి రాశారు.

నెల చివర వేలం ఉంటుంది. కొనేవాళ్లు తెర కింద నుంచి పైకి నడుస్తారు, అమ్మేవాళ్లు పైనుంచి కిందికి దిగుతారు. ఇద్దరూ కలిసిన చోట బేరం తెగుతుంది. గడియారం నడుస్తూ ఉంటుంది. మీ దగ్గర తిండి తక్కువుందని అందరికీ తెలుసు కాబట్టి అమ్మేవాడు దిగడు. మా నాన్నతో పశువుల సంతకి వెళ్లినవాణ్ని. అక్కడ తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు, పక్కవాడికి ధర తెలియకూడదని. ఇక్కడ అంతా తెరిచిన బేరమే. కానీ చివరి రెండు సెకన్లలో అమ్మేవాడి కళ్లలోకి చూస్తామే, అది మాత్రం సంతలోదే.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. అందరికంటే వెనకబడినవాడికి ఆ ఆటలో చెడు ఎప్పుడూ జరగదు. అందరికంటే ముందున్నవాడికి అదృష్టం కలిసిరాదు. అలా రాసిపెట్టారు.

బిట్టు2004
ఇది బయట కూడా అమలు చేస్తే బాగుండు.

ఎంబీఏ_మాస్టారు
బంటెన్ గారు దానికి ఐదేళ్ల ముందే, 1978లో, ఆపిల్-2 మీద ‘వీలర్ డీలర్స్’ చేశారు. అందులోనూ వేలమే ప్రధానం. నలుగురు ఒకేసారి మీటలు నొక్కడానికి ప్రత్యేకమైన కంట్రోలర్ పెట్టెలో పెట్టి ఇవ్వాల్సి వచ్చింది. ధర 35 డాలర్లు అయింది, 50 కాపీలు మాత్రమే పోయాయి. మ్యూల్ కూడా 30 వేల దగ్గరే. మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టడం కోసం ఆ మనిషి పడ్డ తపనకి ఆ అంకెలు సరితూగవు.

ఎరువులకొట్టు_తెనాలి
మాస్టారూ, బీర్ గేమ్ సంగతి చెప్పండి. మా అబ్బాయి ఎంబీఏలో ఆడొచ్చి నాకు చెప్పాడు. విన్న రోజున నాకు నిద్ర పట్టలేదు.

ఎంబీఏ_మాస్టారు
అది కంప్యూటర్ ఆట కాదు, బల్ల మీద బిళ్లలతో ఆడేది. చిల్లర కొట్టు నుంచి ఫ్యాక్టరీ దాకా గొలుసులో ఒక్కొక్కరూ తమ పైవాడికి బీరు ఆర్డర్ పెట్టాలి. అయితే దాని తండ్రి కంప్యూటర్ మనిషే. ఎంఐటీలో జే ఫారెస్టర్. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నౌకాదళానికి విమాన శిక్షణ యంత్రంగా మొదలైన ‘వర్ల్‌విండ్’ కంప్యూటర్ ఆయన చేతిలో పెరిగింది. అయస్కాంత కోర్ మెమరీ అక్కడ పుట్టింది. అది అమెరికా గగనతల రక్షణ వ్యవస్థకి దారితీసింది. 1956లో ఆయన దాన్ని వదిలి మేనేజ్‌మెంట్ స్కూల్‌కి మారారు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు కెంటకీలో ఉన్న తమ ఫ్రిజ్‌లు లాంటి ఇంటి సామాన్ల ఫ్యాక్టరీల్లో కొన్నాళ్లు ఓవర్‌టైం, కొన్నాళ్లు సగం మందికి పని లేకపోవడం ఎందుకు జరుగుతోందని అడిగితే, నోట్‌బుక్కులో వారం వారం లెక్కలు వేసి చూపించారు. తప్పు బయటి గిరాకీలో లేదు, లోపల ఆర్డర్లు పెట్టే పద్ధతిలోనే ఉందని. ఆ పాఠమే బీర్ గేమ్.

ఎరువులకొట్టు_తెనాలి
ఆ పాఠం నాకు ముందే అర్థమై ఉంటే ఒక సీజన్ బాగుపడేది. ఒక ఏడు నాట్లప్పుడు యూరియా దొరకదని మాట పుట్టింది. పది బస్తాలు కావలసిన రైతు పాతిక అడిగాడు. అది చూసి నేను రెట్టింపు ఆర్డర్ పెట్టాను. నా పైవాడు ఇంకా ఎక్కువ పెట్టాడు. లారీ రాలేదు, మళ్లీ ఆర్డర్ పెట్టాను. అన్నీ ఒక్కసారి వచ్చేసరికి నాట్లు అయిపోయాయి. గోడౌన్ చాలక వరండాలో పేర్చి పట్టా కప్పాను. వానకి కింది వరస గడ్డకట్టింది. అప్పుడు అందరి మీదా కోపం వచ్చింది. పిల్లాడు బల్ల మీద బిళ్లలు పేర్చి చూపించాక, ఎవరూ మోసం చేయలేదని అర్థమైంది.

ఆట నుంచి ఏం వస్తుంది అని అడిగేవాళ్లకి నేను ఆ వరండా సంగతి చెప్తాను.

కోడ్_కమల
ఈ కథ గొలుసు ఇంకో కొస వేణు గారి క్విజ్ దాకా వెళ్తుంది. ఫారెస్టర్ ఆఫీసు పక్క గదిలోకి బోస్టన్ మాజీ మేయర్ జాన్ కాలిన్స్ వచ్చారు. ఇద్దరి మాటల్లోంచి 1969లో ‘అర్బన్ డైనమిక్స్’ పుస్తకం వచ్చింది, నగరాన్ని లెక్కల్లో పెట్టి చూపించేది. దాన్ని సిమ్‌సిటీ రూపకర్త విల్ రైట్ చదివాడు. నగరాన్ని కట్టి నడిపే ఆ ఆట తయారీ మీద దాని ప్రభావం ఉంది. అంటే నౌకాదళం నుంచి ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి నగరానికి, నగరం నుంచి ఆటకి. క్విజ్ వాళ్లు చెప్పిన సిమ్‌సిటీ ఈ వరుసలో మనవడు.

వేణు_నల్గొండ
ఇది మా అమ్మాయే స్వయంగా చదువుకుంది. “వాళ్లు మనవణ్ని తాతయ్య అన్నారన్నమాట” అంది.

పాతచిప్
యుద్ధం, వ్యాపారం ఒకే ఆటలో కలిసిన చోటు కావాలంటే జపాన్ వెళ్లాలి. యోయిచి ఎరికావా కుటుంబానిది బట్టల రంగుల వ్యాపారం, దెబ్బతింది. 1978లో కోయి సంస్థ పెట్టాడు. 30వ పుట్టినరోజుకి భార్య కెయికో షార్ప్ ఎంజెడ్-80 కంప్యూటర్ కొనిచ్చింది. దాని మీద రాసిన ‘కవనకజిమా యుద్ధం’ 1981లో వచ్చింది. 1983లో ‘నొబునాగా ఆంబిషన్’. అందులో సైన్యం నడపాలంటే ముందు వరి పండాలి. వరదకట్టలు బాగుచేయాలి. బియ్యం ధర చూసి అమ్మాలి, కొనాలి. పన్ను పెంచితే రైతులు తిరగబడతారు. 17 రాజ్యాలు. ఎరువులకొట్టు గారి ‘ఒకే గిడ్డంగి’ మాటకి ఇంతకంటే సాక్ష్యం నాకు తెలియదు.

గాదె_గింజ
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను, రాయలేదు. వేణు గారి పోస్టు చూశాక హమురాబి ఇప్పుడు బ్రౌజర్‌లో దొరుకుతుందని వెతికి, మా నాన్నతో ఆడించాను. నాన్న వయసు 74, ఐదెకరాల వరి రైతు. ఇంగ్లిష్ రాదు, నేను చదివి చెప్తే ఆయన అంకెలు చెప్తారు.

మొదలు: 100 మంది జనం, 1000 ఎకరాలు, గాదెలో 2800 బుషెళ్లు. మనిషికి ఏడాదికి 20 బుషెళ్లు కావాలి. ఒక బుషెల్ విత్తనం రెండెకరాలకి సరిపోతుంది. ఒక మనిషి పదెకరాలు సేద్యం చేయగలడు.

“బుషెల్ అంటే ఎంత?” అన్నారు. గోధుమలైతే 27 కిలోలు అన్నాను. వేళ్ల మీద లెక్కేసి “మనిషికి ఏడు బస్తాలా! ఏం తింటారమ్మా వాళ్లు” అన్నారు. తర్వాత నేను అడగకముందే “ముందు విత్తనాలు తీసి పక్కన పెట్టు” అన్నారు. 500. తర్వాత తిండికి 2000. మిగిలింది 300. భూమి కొంటావా అని అడుగుతోంది నాన్నా అంటే, “వద్దు. కానీ ఈ 300 గాదెలో ఉంచితే ఎలుకలు తింటాయి కదా, దానికేమైనా ఉందా?” అన్నారు.

ఆటలో నిజంగానే ఎలుకలున్నాయి! నేను ఆయనకి చెప్పనేలేదు.

కోడ్_కమల
అక్కా, మీ నాన్నగారికి దండం. ఆ బేసిక్ ప్రోగ్రాంలో ఎలుకలు తినేది కొత్త పంటని కాదు, తిండికీ విత్తనానికీ పోగా గాదెలో మిగిలిన దాన్నే. ఐదింట రెండుసార్లు వస్తాయి, వస్తే సగమో పావో తింటాయి. కోడ్ చదివితే కానీ నాకు తెలియలేదు. ఆయన ఆట మొదలుకాకముందే చెప్పేశారు.

పాతచిప్
మహమ్మారి కూడా ఉంటుంది, 15 శాతం అవకాశం అని ప్రోగ్రాంలో రాసుంది. వస్తే సగం జనం పోతారు. జాగ్రత్త.

వేణు_నల్గొండ
మా అమ్మాయి కూడా రాత్రి ఆడింది. మూడో ఏట పదవి ఊడింది. ఒకే ఏడాదిలో జనంలో 45 శాతం కంటే ఎక్కువమంది పస్తులతో పోతే వెంటనే దింపేస్తారట. భూమి మీద ఆశపడి ధాన్యం అంతా పెట్టేసింది. గాదె_గింజ గారూ, మీ నాన్నగారి పదేళ్లు పూర్తయ్యాక చెప్పండి, మా ఇంట్లో ఎదురుచూస్తున్నారు.

న్యూజెర్సీ_నాని
మా స్నేహితుడికి ఫోన్ చేశాను. “నేను ఆలోచించడం మానేయాలంటావా” అన్నాడు. ఈ ఆదివారం మళ్లీ ఆడతాం. ఎత్తుకి ఒక్క నిమిషం, ఇద్దరం ఒప్పుకున్నాం.

గాదె_గింజ
నాన్న పదేళ్లూ పూర్తిచేశారు. మధ్యలో టీ కోసం తప్ప లేవలేదు.

మొదటి నాలుగేళ్లు భూమి కొనలేదు. పంట బాగానే వచ్చింది, బయటి నుంచి జనం వచ్చి చేరారు. ఐదో ఏట ఆయనే ఆగి, “మనుషులు పెరిగారు, నేల పెరగలేదు. వీళ్లకి పని ఏది?” అన్నారు. అప్పటి నుంచి ధర 20 బుషెళ్ల లోపు ఉన్నప్పుడల్లా కొంటూ వచ్చారు. మహమ్మారి రాలేదు. ఎలుకలు మూడుసార్లు వచ్చాయి, ప్రతిసారీ నా వైపు చూశారు.

చివరికి ఒక్క మనిషి కూడా ఆకలితో పోలేదు. కానీ తలసరి భూమి పదెకరాలకి కొంచెం తగ్గింది. అందుకని పై మెప్పు రాలేదు, ఇంకొంచెం బాగా చేసి ఉండొచ్చు, అయినా పర్లేదు అన్నట్టు రాసింది. దాని కింద, రాజ్యంలో ఇంతమంది మిమ్మల్ని చంపాలని కోరుకుంటున్నారు అని ఒక అంకె కూడా వేసింది. 41 మంది.

నాన్నకి చదివి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “పదేళ్లు ఒక్కరినీ పస్తు ఉంచలేదు కదమ్మా. ఆ 41 మంది ఎవరు? పేర్లు చెప్తుందా?” అన్నారు.

చెప్పదు నాన్నా అన్నాను. రేపు పొద్దున మళ్లీ ఆడతారట. ఈసారి రెండో ఏడే భూమి కొంటానంటున్నారు.